అడుగరాని ప్రశ్న



రాయపూరు డివిజనులో డిఫెన్స్ హెల్పరుగా పనిచేయుచున్న మన తెలుగు సోదరుడొకరు ఇటీవల మమ్ములను ఇట్లడిగిరి: "లైంగిక వేధింపు కేసులో ఫిర్యాదు చేసిన స్త్రీ నడవడికను గూర్చి ప్రశ్నించుట నా హక్కు కాదా? శాఖాపరమైన విచారణకు సాక్ష్య చట్టము కట్టుబాటు కాదు గదా!" నిందమోపబడిన సభ్యుని కాపాడుట సంఘ ధర్మము. కనుక ఈ ప్రశ్నను త్రోసిపుచ్చుటకు వీలులేదు.

1872 నాటి సాక్ష్య చట్టమునందు 155వ సెక్షను నాలుగవ క్లాజు ఒకటి ఉండెడిది. అత్యాచార నేరము మోపబడినవాడు, ఫిర్యాది సామాన్యముగ చెడు నడవడిక గలదని చూపి, ఆమె సాక్ష్యము నమ్మదగినది కాదని వాదించుటకు అది దారి యిచ్చెను. మనియార్డరు సొమ్ము అపహరింపబడినపుడు, ఆ సొమ్ము అందవలసిన ముసలమ్మ పూర్వ చరిత్రను ఎవరైన త్రవ్వుదురా?

ఇట్టి వాదము ఎంత దూరము పోగలదో హైదరాబాదు చూచినది. 1978 మార్చిలో నల్లకుంట పోలీసు స్టేషనులో తనపై అత్యాచారము జరిగినదని ఒక స్త్రీ మొరపెట్టెను. రిక్షా కార్మికుడైన ఆమె భర్త దెబ్బలకు మరణించెను. నగరము అట్టుడికిపోయెను. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులనే దోషులుగ తేల్చెను. అయినను ఆమె వేశ్య యనియు, ఆమె వివాహము చెల్లదనియు చూపుటకే పోలీసు పక్షము కమిషను ఎదుట శ్రమించెను. కేసు కర్ణాటకలోని రాయచూరుకు బదిలీయై, 1981లో నిందితులైన పోలీసులు నిర్దోషులుగ విడుదలయిరి. (ఆమె పేరు మేము వ్రాయుట లేదు. బాధితురాలి పేరు ప్రకటించుటను 1983 సవరణ నేరముగ చేసినది.)

కస్టడీలో జరిగిన అత్యాచారమున, సంభోగము రుజువై, తాను సమ్మతింపలేదని స్త్రీ చెప్పినచో, సమ్మతి లేదనియే కోర్టు భావింపవలెనని ఆ 1983 సవరణయే శాసించెను. నాలుగవ క్లాజు మాత్రము 2002 వరకు చావలేదు. నూట ముప్పది యేండ్లు! సమ్మతి ప్రశ్న వచ్చినపుడు స్త్రీ పూర్వ లైంగికానుభవము అప్రస్తుతమని 2013లో చట్టమున చేర్చిరి. 2024 జులై 1 నుండి అమలులోనున్న భారతీయ సాక్ష్య అధినియమమున అదియే 48వ సెక్షను. రెండు వ్రేళ్ళ పరీక్ష చేయు వైద్యుడు దుష్ప్రవర్తనకు పాల్పడినట్లే యని సుప్రీంకోర్టు 2022లో చెప్పినది.

ఇక మన విచారణ గదికి వత్తము. శాఖాపరమైన విచారణలో సాక్ష్య చట్టపు కట్టుదిట్టములు లేవన్నది నిజమే. ఆ సడలింపును చూపియే కదా అధికారులు విన్నమాటలపై మన సభ్యులను శిక్షించుచున్నారు! దానిని ఇన్నేండ్లుగ ఆక్షేపించుచున్న మనమే, కోర్టు గుమ్మము దాటరాని ప్రశ్నను ఆ సందు గుండా లోనికి తెచ్చుట ఎట్టి న్యాయము? పైగా ఆ ఫిర్యాది సైతము మన చందా రసీదు గల కార్మికురాలే కావచ్చును.

డిఫెన్సుకు చేయవలసిన పని చాల కలదు. డ్యూటీ రోస్టరు, మస్టరు, రన్నింగు రూము రిజిస్టరు తెప్పింపవచ్చును. ఆ గంటకు ఎవరెవరు అచట నుండిరో విచారింపవచ్చును. మొదటి వాఙ్మూలమునకును తరువాతి దానికిని గల వైరుధ్యమును గట్టిగ అడుగవచ్చును. బదిలీ విషయమై పాత తగవున్నచో అదియును అడుగవచ్చును. ఆమె విడాకులు, నైట్ డ్యూటీ, ఎవరితో నవ్వి మాటలాడినదన్నది మాత్రము వీనిలో లేవు.

సభ్యుడు ఆ ప్రశ్నయే వేయుమని పట్టుబట్టినచో నేమి చేయవలెనని కూడ రాయపూరు సోదరుడు అడిగిరి. మేమైనచో, ఆ కేసు ఫైలు తిరిగి యిచ్చివేయుదుము.