ధర అడగడం బేఇజ్జతీ కాదు

కిందటి సెలవుల్లో ఖమ్మం నుంచి మా ఖాలాజాన్ వచ్చారు. వెంట కోడలు, ఇద్దరు మనవలు. ఏ.ఎస్. రావు నగర్‌లో మా ఇంట్లో దిగిన మర్నాడే చార్మినార్ ప్రయాణం పెట్టుకున్నాం. అరవై ఏళ్ళ జిందగీలో ఖాలా చార్మినార్‌ని కేలండర్ మీద చూశారే గాని కళ్ళారా చూడలేదు.

వెళ్ళడానికి పెద్ద ఖర్చేం కాలేదు. 2023 డిసెంబర్ 9 నుంచి ఆర్టీసీ సిటీ బస్సుల్లో తెలంగాణ ఆడవాళ్ళకి టికెట్ లేదు కదా. ఈసీఐఎల్ చౌరస్తాలో బస్సెక్కితే ఖాలాకి, కోడలికి, మా ఇంటావిడకి జీరో టికెట్లే. నాకూ పిల్లలకూ టికెట్ తీసుకుంటే సరిపోయింది. చార్మినార్ చూశాం, మక్కా మసీదు చూశాం, లాడ్ బజార్‌లో గాజులు కొన్నాం. ఖాలా ముఖం వెలిగిపోతోంది. అసలు కథ మధ్యాహ్నం భోజనం దగ్గర మొదలైంది.

ఓ పేరున్న హోటల్లోకి వెళ్ళాం. కింద హాల్లో కూర్చోబోతే సర్వర్ ఆపాడు. "ఫ్యామిలీ ఉంది కదా భాయ్, పైకి వెళ్ళండి" అన్నాడు. పైన ఏసీ హాలు. కింద గోడ మీద చూసిన ధర ఒకటి, పైన మెనూ కార్డులో ఉన్న ధర ఇంకొకటి. ఖాలా కార్డు చేతిలోకి తీసుకుని, కళ్ళకు దూరంగా పట్టుకుని చదివారు. మెల్లిగా మూసేశారు. "నాకు ఆకలి లేదు బేటా, పొద్దున తిన్న రొట్టే ఇంకా అరగలేదు" అన్నారు. కోడలు కూడా అత్త ముఖం చూసి "పిల్లలకి పెట్టండి, మిగిలింది నేను తింటా" అంది. నేను ఎంత జిద్ చేసినా ఇద్దరూ వినలేదు.

ఆ రాత్రి ఇంటికొచ్చాక ఖాలా మూడు రొట్టెలు, ఖట్టీ దాల్ గబగబా తిన్నారు. అప్పుడు అర్థమైంది నాకు. మెహమాన్‌ని పొద్దంతా ఆకలితో తిప్పాను. బిల్లు నేనే కట్టేవాణ్ణి. కానీ అవతలి వాడి జేబు చూసి తన ఆకలి దాచుకునే తరం ఆమెది.

మా అన్న కొడుకు ఇటలీలో చదువుతున్నాడు. ఫోన్లో ఈ సంగతి చెబితే నవ్వాడు. "చిచ్చా, నేను రోమ్ చూడ్డానికి వెళ్ళినప్పుడు మొదట భయపడింది తిండికే" అన్నాడు. హలాల్ దొరకాలి, స్టూడెంట్ జేబుకి అందాలి. వాడు కనిపెట్టిన తరీఖా ఇది. పేరున్న కట్టడం ఎదురుగా ఉన్న కుర్చీల్లో కూర్చోకూడదు. రైల్వే స్టేషన్ వెనక బంగ్లాదేశీలు, మన దేశీలు దుకాణాలు నడిపే గల్లీల్లోకి నడవాలి. కాఫీ కౌంటర్ దగ్గర నిలబడి తాగితే ఒక రేటు, బల్ల దగ్గర కూర్చుని తాగితే చాలాచోట్ల ఎక్కువ రేటు. ఇటలీలో చాలా ఊళ్ళలో హోటళ్ళు కూర్చున్నందుకే మనిషికింత అని 'కోపెర్తో' వేస్తాయి. నీళ్ళు మాత్రం కొననక్కర్లేదు. రోమ్ వీధుల్లో ఎక్కడ చూసినా ముక్కులాంటి గొట్టంతో నల్లాలుంటాయి, సీసా పట్టుకుంటే సరి.

వాడి మాటల్లో నాకు నచ్చింది ఒకటుంది. "ఏ రేటైనా తలుపు బయటే రాసి పెడతారు చిచ్చా. చదువుకుని, లెక్క వేసుకుని, అందదనుకుంటే ముందుకెళ్ళిపోతా. ఎవరూ ఏమీ అనుకోరు" అన్నాడు.

మనకి కావలసింది ఇదే. తక్కువ ధర ఒక్కటే కాదు. లోపలికి అడుగు పెట్టకముందే ధర తెలియడం. గరీబు ముసాఫిర్‌కి ఇజ్జత్ దక్కేది అక్కడే. కుర్చీలో కూర్చుని, నీళ్ళు తాగి, మెనూ చూశాక లేచి వెళ్ళడం మన మధ్యతరగతి మనిషికి ప్రాణం పోయినంత పని. లేవలేక కూర్చుంటాడు, కూర్చుని సగం తింటాడు.

హోటల్ వాళ్ళ వైపు మాటా చెప్పాలి. అద్దె, కరెంటు, నూనె, గోష్ట్, అన్నీ పెరిగాయి. ఏసీ హాలుకి ఎక్కువ తీసుకోవడం వాళ్ళ ఇష్టం, కానూన్ ప్రకారం తప్పేం కాదు. కానీ "ఏసీ టాక్స్" అని బహానా చెబితే మాత్రం నమ్మకండి. 2017 జూలైలో జీఎస్టీ వచ్చిన కొత్తలో ఏసీ హోటల్‌కి 18, నాన్ ఏసీకి 12 శాతం ఉండేది. ఆ ఏడాది నవంబర్ 15 నుంచి మామూలు హోటళ్ళన్నిటికీ 5 శాతమే. సర్వీస్ చార్జి కూడా బిల్లులో తమంతట తాము కలపకూడదని కేంద్ర వినియోగదారుల సంస్థ 2022 జూలైలోనే చెప్పింది. ఇష్టమైతే ఇవ్వండి, లేదంటే తీసేయమనండి.

నా అసలు షికాయత్ వేరే. ఆడవాళ్ళు వెంట ఉన్నారంటే పైకి పంపడం, పైన ధర పెంచడం. అంటే బుర్ఖా వేసుకున్న తల్లి పక్కన ఉన్నందుకు జుర్మానా కట్టినట్టే కదా! పరదా కోసం అడ్డు తెర కింద హాల్లోనే ఓ మూల కట్టొచ్చు. అదే చాయ్, అదే ప్లేటు, అదే ధర. ఇందుకు పెద్ద ఖర్చేం లేదు.

2019లో యునెస్కో వాళ్ళు మన హైదరాబాద్‌ని రుచుల నగరాల జాబితాలో చేర్చారు. ఇటలీలోని బెర్గామో కూడా అదే ఏడాది చేరింది. ఫఖర్‌గా చెప్పుకుంటాం. మరి ఖమ్మం నుంచి వచ్చిన ఓ ముసలావిడ ఆ నగరంలో కడుపు నిండా తినలేకపోతే ఆ బిరుదు ఎవరి కోసం?

ఖాలా వెళ్ళిపోయే ముందు మళ్ళీ తీసుకెళ్ళాను. ఈసారి పొద్దున్నే. గుల్జార్ హౌజ్ దగ్గర బండి మీద పిల్లలకి దోశలు. మాకు ఓ చిన్న హోటల్లో ఖిచ్డీ, ఖీమా, ఖట్టా. మన పాతబస్తీ నాష్తాల్లో ఇంతకంటే బర్కత్ ఉన్నది లేదు. ఒక్క ప్లేటు తింటే మధ్యాహ్నం దాకా ఆకలి ఉండదు. తర్వాత చార్మినార్ పక్కన నిలబడి ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్. ప్రతిచోటా కూర్చునే ముందే నేను గట్టిగా ధర అడిగాను, ఖాలాకి వినబడేలా. విన్నాక ఆమె హాయిగా కూర్చున్నారు. అడిగి మరీ ఇంకో చాయ్ తాగారు!

మీ ఇంటికీ మెహమాన్లు వస్తారు. కొన్ని మాటలు గుర్తుంచుకోండి. మధ్యాహ్నానికి బదులు పొద్దున నాష్తా వేళకి వెళ్ళండి. హమాలీలు, ఆటోవాళ్ళు, దుకాణాల్లో పనిచేసే కుర్రాళ్ళు ఎక్కడ తింటున్నారో చూసి అక్కడికి నడవండి. రోజూ తినేవాణ్ణి ఎవరూ మోసం చేయరు. ఇంటి నుంచి నీళ్ళ సీసాలు, నాలుగు పరాఠాలు పట్టుకెళ్ళండి. బిర్యానీ తప్పదంటే ప్లేటు ఎంతమందికి సరిపోతుందో అడిగి చెప్పండి, పారేసేది ఉండదు. చేయి మరీ ఇరుకుగా ఉంటే, 2014లో అన్నపూర్ణ పేరుతో మొదలై ఇప్పుడు ఇందిరా క్యాంటీన్లయిన చోట్ల 5 రూపాయలకే అన్నం, సాంబారు, కూర దొరుకుతాయి. శాకాహారమే కాబట్టి హలాల్ షక్ కూడా లేదు. అక్కడ వరసలో నిలబడటానికి షరమ్ ఎందుకు?

హోటల్ యజమాని భాయ్‌లకి ఒక్కటే గుజారిష్. డిస్కౌంట్ అడగడం లేదు. ధరల బోర్డు తలుపు బయట పెట్టండి, తెలుగులో, ఉర్దూలో, మా ఖాలా కళ్ళకు ఆనేంత పెద్ద అక్షరాల్లో.