తమ్ముడు కాకపోతే?

కళ్ళనీళ్ళు పెట్టించిన సినిమాని ఎవరైనా విమర్శిస్తే మనకి చెడ్డ కోపం వస్తుంది. ఏడిపించింది కనుక మంచిదే అయివుండాలని మన లెక్క! ఖాలెద్ హొస్సేనీ 2003లో రాసిన నవలని మార్క్ ఫార్‌స్టర్ 2007లో ‘ది కైట్ రన్నర్’ పేరుతోనే సినిమాగా తీశాడు. చూసినవాళ్ళంతా పమిటచెంగు తడుపుకున్నారు. సరే. కానీ ఎవరికోసం ఏడ్చాం? అదీ నా పేచీ.

కథ కాబూల్‌లో, 1970ల్లో మొదలవుతుంది. అమీర్ గొప్పింటి పష్తూన్ బిడ్డ. హసన్ ఆ యింటి నౌకరు కొడుకు, అందరూ చిన్నచూపు చూసే హజారా. యిద్దరిదీ ఒకే ఆట, ఒకే పాట. తెగిన గాలిపటం ఎక్కడ వాలుతుందో హసన్‌కి ఆకాశం వంక చూడకుండానే తెలుసు. పోటీలో అమీర్ గెలిచిన నాడు, ఆ పటాన్ని తెచ్చిస్తానన్న మాటకోసం హసన్ దుర్మార్గుల చేతిలో పడి చెప్పరాని అఘాయిత్యానికి గురవుతాడు. అమీర్ చాటునుంచి చూస్తాడు, నోరు మెదపడు. పైగా వాడు ఎదుట తిరుగుతుంటే భరించలేక, తన గడియారం వాడి పక్కకింద దాచి దొంగతనం అంటగడతాడు. హసన్ ఆ నిందని కూడా నెత్తిన వేసుకుంటాడు.

1979లో సోవియట్ సేనలు దిగాయి. తండ్రీ కొడుకులు దేశం విడిచి కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ చేరారు. నలుగురికి పెట్టిన చేయి పెట్రోలు బంకులో కూలికి పనిచేసింది. ప్రవాసం మనిషిని ఎంత చిన్నబుచ్చుతుందో చక్కగానే చూపించారు. అందులో వంక లేదు.

అసలు సంగతి తర్వాతే వుంది. హసన్‌ని తాలిబాన్లు చంపేశారని, వాడి కొడుకు సొహ్రాబ్ దిక్కులేక కాబూల్‌లో వున్నాడని, వెళ్ళి తెమ్మని పెద్దాయన రహీం ఖాన్ అడుగుతాడు. అమీర్ వెనకాడతాడు. అప్పుడు బయటపడుతుంది రహస్యం... హసన్ నీ తండ్రి కొడుకేనయ్యా అని! అంతే, కథానాయకుడు కదులుతాడు.

ఏమండీ, తమ్ముడు కాకపోతేనో? చిన్ననాటి స్నేహం చాలలేదా? చెయ్యని దొంగతనం ఒప్పుకున్న ఋణం చాలలేదా? తర్వాత ఫ్రీమాంట్‌లో మామగారు ఆ పిల్లాణ్ణి ‘హజారా కుర్రాడు’ అన్నప్పుడు అమీర్ చెప్పే సమాధానం కూడా అదే, వీడు నా తమ్ముడి కొడుకని. మనిషి బిడ్డ అంటే మర్యాద దక్కదన్నమాట!

“ఆ రహస్యం తెలియకపోయినా వెళ్ళేవాడేమో” అంటారు కొందరు. వెళ్ళేవాడేమో! మరి కథ ఆ అవకాశం ఎందుకివ్వలేదు?

ఇంకో మాట. ఆ రహస్యంలో ఒక ఆడమనిషి వుంది. హసన్ తల్లి, నౌకరు పెళ్ళాం. యజమాని కోరితే కాదనే దారి ఆమెకుందా? సినిమా ఆ ఊసే ఎత్తదు. నవలలో ఆవిడ ముసలితనంలో తిరిగొచ్చి మనవణ్ణి పెంచుతుంది. ఆ కాస్తా సినిమాలో కత్తెరకి పోయింది. తండ్రిగారి తప్పుకి మాత్రం గాంభీర్యం, జాలి!

తెర బయట జరిగింది ఇంకా విడ్డూరం. సినిమాని చైనాలోని కష్గర్‌లో తీశారు. పిల్లల్ని మాత్రం కాబూల్ నుంచే తెచ్చారు. ఆ అఘాయిత్యం దృశ్యం గురించి ముందుగా చెప్పలేదని వాళ్ళ తరపువాళ్ళు, చెప్పామని తీసినవాళ్ళు వాదించుకున్నారు. పిల్లలకి ప్రాణభయం వుందని విడుదల కొన్ని వారాలు వాయిదా వేసి, వాళ్ళని కన్నవూరు వదిలించి అరబ్ ఎమిరేట్స్‌కి తరలించారు. 2008లో ఆఫ్ఘనిస్తాన్ ఆ సినిమాని నిషేధించింది. పెద్దింటివాడి మనశ్శాంతికి పేదపిల్లవాడు మూల్యం చెల్లించిన కథ తీస్తూ, నిజంగానే పిల్లల చేత మూల్యం కట్టించారు!

చివర అమీర్ ఆ పిల్లాడికోసం గాలిపటం వెంట పరిగెత్తుతాడు. ఆ పరుగుని నేను కాదనను. గొప్పింటివాడు నౌకరు మనవడి కోసం పరిగెత్తడం చిన్న విషయం కాదు. కానీ అది ప్రాయశ్చిత్తమంటే మాత్రం ఒప్పుకోను. క్షమించవలసినవాడు చచ్చిపోయాడు. వాడి తరపున క్షమించే అధికారం మనకెవరిచ్చారు? టిక్కెట్టు కొన్నామనా?

1998లో మజారె షరీఫ్‌లో తాలిబాన్లు ఇంటింటికీ తిరిగి హజారాలని వెతికి చంపారు. 2021లో ఆ తాలిబాన్లే మళ్ళీ కాబూల్‌లో గద్దెనెక్కారు. ఆ చచ్చినవాళ్ళలో అమెరికాలో అన్నగారున్నవాళ్ళు ఎంతమంది? మన వంటింటి గడపలో కూచుని వేరే గ్లాసులో టీ తాగే పనిమనిషి కొడుకు మన తమ్ముడు కాడు. కానక్కర్లేదు కూడా. వాడి మీద దొంగతనం పడినరోజున నోరు విప్పడానికి చుట్టరికం దేనికండీ?