పశువుల పాకకు కరెంటు సరే... ఎర్త్ మాటేమిటి?

తొలకరి పడిందంటే పల్లెల్లో పశువులకు షాక్ కొట్టిన వార్తలు మొదలవుతాయి. కట్టేసిన చోటే గేదె పడిపోతుంది. విప్పబోయిన మనిషికీ ముప్పే. నెపం వాన మీదకో, లైన్‌మన్ మీదకో పోతుంది గాని, ఇంటి నుంచి పాకకు లాగిన తీగలను పరిశీలించేవారు తక్కువ.

మీటరు, మెయిన్ బోర్డు ఇంట్లో ఉంటాయి. దొడ్లో లైటుకు, గడ్డి కోసే యంత్రానికి, నీళ్ల మోటారుకు అక్కడి నుంచే ఫేజు, న్యూట్రల్ తీగలు లాగి ఇనుప పెట్టె బిగిస్తారు. ఖర్చు కలిసివస్తుందని మూడోదైన ఎర్త్ తీగ మానేస్తారు. పాక పక్కన రెండడుగుల కడ్డీ దిగగొట్టి ఎర్త్ అయిందనుకుంటారు.

ఈ కడ్డీ ఎంతవరకు కాపాడుతుంది? కడ్డీ నిరోధం 20 ఓములు, ట్రాన్స్‌ఫార్మర్ ఎర్త్ 5 ఓములు అనుకుందాం. ఫేజు తీగ ఒరిసి పెట్టెకు తగిలితే, 230 వోల్టుల సరఫరాలో నేలలోకి పోయేది 9 ఆంపియర్ల పైచిలుకు మాత్రమే. దానికి 16 ఆంపియర్ల ఫ్యూజు కాలదు. పెట్టె, దానిని బిగించిన ఇనుప స్తంభం 180 వోల్టులకు పైగా అలాగే ఉండిపోతాయి. ఆ స్తంభానికి గొలుసుతో కట్టిన పశువు తడినేల మీద ఉంటే ఇక చెప్పేదేముంది?

ఇంతకన్నా ప్రమాదమైన పని మరొకటి ఉంది. ఎర్త్‌కు బదులు పాకలోని పెట్టె బాడీకి న్యూట్రల్‌ను కలపడం. గాలికి న్యూట్రల్ తెగితే బల్బు గుండా వచ్చిన కరెంటు పెట్టెకు పాకుతుంది. లైటు ఆరింది, కరెంటు లేదనుకుని చెయ్యి వేస్తే ప్రాణం మీదకు వస్తుంది.

చేయవలసింది కష్టమైన పని కాదు. ఇంటి బోర్డు నుంచి పాకకు ఎర్త్ తీగను కూడా లాగాలి. పాకలో న్యూట్రల్, ఎర్త్ ఎక్కడా కలవరాదు. పెట్టె, మోటారు బాడీ, ఇనుప స్తంభాలు, నీళ్ల గొట్టం అన్నిటినీ ఒకే ఎర్త్ తీగతో కలపాలి. పాక వద్ద కూడా ఎర్త్ కావాలంటే రెండున్నర మీటర్ల గొట్టం లోతుగా దించాలి.

ఇంటి ఎర్త్ కూడా వట్టి కడ్డీయే అయితే ఫ్యూజును నమ్మడానికి వీల్లేదు. పాకకు వెళ్లే లైనుకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. పెట్టించాలి. కరెంటు నేలలోకి కారగానే అది రెప్పపాటులో సరఫరా ఆపేస్తుంది. మాటిమాటికీ పడిపోతోందని తీసి పారేయడం తగదు. ఎక్కడో తీగ కారుతోందనో, న్యూట్రల్ ఎర్త్‌కు తగులుతోందనో అది చేసే హెచ్చరిక అది. దానిపై ఉన్న టెస్ట్ మీటను నెలకోసారి నొక్కి చూడాలి.

మూడు ఫేజుల మోటారు బాడీకి రెండు వేర్వేరు ఎర్త్ కనెక్షన్లు ఉండాలని 1956 నాటి భారత విద్యుత్ నిబంధనలే చెప్పాయి. ఇప్పటికీ ఎన్నో స్టార్టర్ పెట్టెలకు ఒక్కటీ లేదు. 2004లో పంపుసెట్లకు ఉచిత విద్యుత్తు వచ్చింది. ఎన్ని గంటలు ఇస్తారన్న చర్చ జరిగినంతగా ఎర్త్ గురించి జరగలేదు. ఏటా తొలకరికి ముందే పంచాయతీలు చొరవ తీసుకుని, లైసెన్సున్న వైర్‌మన్ చేత ఊళ్లోని పాకలను, మోటారు షెడ్లను తనిఖీ చేయిస్తే ఎంతో మేలు. పోయిన గేదెకు పరిహారం కోసం కార్యాలయాల చుట్టూ తిరిగే కన్నా ముందే ఒక తీగ లాగించుకోవడం రైతుకు చవక.