చూరునీరు – ఒక ఉత్తరము

పొరుగువారి చూరునీరు 18 ఏండ్లుగా మా గోడమీదనే పడుచున్నది. నోటిమాటగా ముమ్మారు చెప్పితిమి, నవ్వి ఊరకుండిరి. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టము ప్రకారము అడ్డులేక, బాహాటముగా, హక్కుగా 20 ఏండ్లు సాగినది నిజముగనే హక్కగును. మొగమాటమునకు పోయిన ఆ నీటిని ఇక ఆపలేము!

కనుక వారికి వచ్చిన తమిళములోనే ఉత్తరము వ్రాసితిమి: ఏమి జరుగుచున్నది, ఏనాటినుండి, ఏమి మానవలెను, ఎన్ని దినములలో. తిట్టు లేదు, బెదిరింపు లేదు. నకలు ఉంచుకొంటిమి. రిజిస్టర్డు పోస్టు 2025లో స్పీడు పోస్టులో కలిసినది గనుక అందులోనే, అందినట్లు రుజువు కోరి పంపితిమి.

చదువరులు గమనింతురు గాక: ఉత్తరముతోనే గడువు ఆగదు, వినకున్న కోర్టుకు పోవలసినదే.

పదవనాడు వారు చూరుక్రింద రేకుదోనె కట్టించిరి. ఆ సాయంత్రము మా యింటి పులిహోర వారింటికి వెళ్ళినది.