చేపపిల్లలో కల్తీ

హేచరీల్లో బొచ్చె, శీలావతి తల్లిచేపలను ఒకే తొట్టిలో వదిలి గుడ్లు పెట్టించే అలవాటు ఇకనైనా ఆగాలి. బంగారుతీగకూ శీలావతికీ పుట్టే సంకరం గొడ్డుది కనుక ముప్పు ఆ తరంతోనే ఆగుతుంది. బొచ్చె, శీలావతి సంకరానికి ఆ అడ్డు లేదు. అది మళ్లీ గుడ్లు పెడుతుంది, వరదకు చెరువు గట్టు తెగితే గోదావరిలోని సహజ సంతతిలో కలుస్తుంది. వేలెడంత పిల్లలో ఈ కల్తీని కంటితో పోల్చుకోవడం కష్టం, నష్టమేమో రైతుది. వీర్యంలోని డీఎన్‌ఏను అతినీలలోహిత కిరణాలతో నిర్వీర్యం చేసి, గుడ్డుకు చలినో వేడినో తగిలించి తల్లి వారసత్వంతోనే పిల్లలను పుట్టించే పద్ధతి శుద్ధ వంశాల తయారీకి పనికొస్తుంది. కానీ ఒక్క తరంలోనే అంతఃప్రజననాన్ని విపరీతంగా పెంచే ఆ పద్ధతి ప్రయోగశాల గడప దాటరాదు. తల్లిచేపలకు డీఎన్‌ఏ పరీక్ష, వంశ రికార్డు చూపనిదే మత్స్యశాఖ ఏ హేచరీకీ అనుమతి పొడిగించకూడదు.