20 ఏళ్లు డబ్బాలో ఉన్న భీమ్

2022 మార్చి. సికింద్రాబాద్‌లో ఆర్‌ఆర్‌ఆర్ చూసి బయటికొస్తున్నం. నా రూమ్మేట్ అడిగిండు: "అయితే మీ భీమ్‌కు చదువు రాదా?" సినిమా ఆఖర్న ఏం కావాలో కోరుకోమంటే భీమ్ పాత్ర చదువు కావాలంటది గదా, అందుకడిగిండు. ఎగతాళి కాదు, నిజంగానే తెలుసుకుందామని. భీమ్ చందా పట్నంలో ప్రెస్సులో పనిచేసుకుంట చదవడం, రాయడం నేర్చుకున్నడని, అస్సాం తేయాకు తోటల దాకా పోయొచ్చిన మనిషని మన పెద్దలు చెప్తరు. అదంతా పార్కింగ్ దగ్గర నిలబడి చెప్పిన. మొత్తం విని, "మరి ఆ కథ ఎవరూ సినిమా తీయలేదా?" అన్నడు.

తీసిండ్రు మిత్రులారా. 1990లోనే తీసిండ్రు. అల్లాణి శ్రీధర్ దర్శకత్వంలో 'కొమరం భీమ్'. (మనం కుమ్రం అంటం, సినిమా పేరు కొమరం. పోనీయండి.) భూపాల్‌రెడ్డి భీమ్‌గా చేసిండు. నంది అవార్డులు కూడా వచ్చినయి. థియేటర్‌కు మాత్రం 2010 జూలైలో వచ్చింది. 20 ఏళ్ల తరవాత!

ఎవరి వల్ల ఆగిందని తవ్వడానికి ఇది రాస్తలేను. ఒక్క లెక్క చూడండి. 1940లో జోడేఘాట్‌లో భీమ్ నేలకొరిగిన నాడు పదిహేనేళ్ల పిల్లగాడు ఉన్నడనుకోండి. 1990లో ఆయనకు 65. కుర్చీలో కూసొని సినిమా చూసి, "ఇది ఇట్ల కాదు, అది అట్లనే జరిగింది" అని చెప్పగల వయసు. 2010లో ఆయనకు 85. అప్పటికి ఉంటే. తప్పొప్పులు చెప్పగల సాక్షులంతా పోయినంక సినిమా విడుదలైంది. మనం పోగొట్టుకున్నది సినిమా ఒక్కటే కాదు, ఆ సినిమాతో మన పెద్దలు పెట్టుకోవాల్సిన కొట్లాట కూడా.

ఆర్‌ఆర్‌ఆర్ తీసినోళ్లను తిట్టి లాభం లేదు. అది కల్పితమని వాళ్లే చెప్పుకున్నరు. జాగా ఖాళీగా ఉంటే ఎవరైనా వచ్చి గుడిసె వేస్తరు. ఆ జాగా ఖాళీగా ఎందుకున్నదన్నదే నా ప్రశ్న.

ఇదే సికింద్రాబాద్ తిరుమలగిరిలో పుట్టిన శ్యామ్ బెనెగల్ సంగతి చూడండి. 1976లో ఆయన తీసిన 'మంథన్'కు గుజరాత్ పాడి రైతులు 5 లక్షల మంది తలా 2 రూపాయలు ఇచ్చిండ్రు. ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ ఆ సినిమాను బాగుచేయించి 2024 మేలో కాన్స్‌లో చూపించింది. పుణె ఆర్కైవ్‌లో నెగెటివ్ భద్రంగా ఉన్నది కాబట్టి అది సాధ్యమైంది. శబ్దం మాత్రం పాత ప్రింట్ నుంచి తీసుకున్నరు. పని ఎక్కువ భాగం జరిగింది ఎక్కడనుకున్నరు? చెన్నైలో, మన ఏలూరు దిక్కు మనిషి ఎల్.వి. ప్రసాద్ పెట్టిన సంస్థలో. అంటే చేతనైనోళ్లు అమెరికాల లేరు, ఒక రాత్రి రైలు ప్రయాణం దూరంలో ఉన్నరు.

మరి 'మా భూమి', 'దాసి' నెగెటివ్‌లు ఏ స్థితిలో ఉన్నయి? 'కొమరం భీమ్' నెగెటివ్? ఇప్పుడు గద్దర్ పేరు మీద సినిమా అవార్డులు ఇస్తున్నరు. సంతోషమే. గద్దర్ తెర మీద పాడిన 'మా భూమి' గురించి కూడా ప్రభుత్వం ప్రజలకు లెక్క చెప్పాలె.

రీలు రాయి కాదు. వేడికి, తేమకు అది కుళ్లుతది, డబ్బా మూత తీస్తే వెనిగర్ వాసన వస్తది. ముడుచుకుపోతది. రెండు గంటల సినిమా అంటే లక్షా 72 వేలకు పైగా బొమ్మలు, ఒక్కొక్కటి స్కాన్ చేయాలె. ఖర్చున్నది, కాదనను. కానీ మన చట్టంలో సినిమా మీద హక్కు 60 ఏళ్లు. అప్పటిదాకా ఆగితే హక్కు మనకొస్తది, రీలు మిగలదు.

"యూట్యూబ్‌లో ఏదో ఒకటి దొరుకుతది కదా తమ్మీ" అంటరు కొందరు పెద్దమనుషులు. టీవీలో వచ్చినప్పుడు ఎవరో రికార్డు చేసి ఎక్కించిన మసక కాపీతో మీ అభిమాన హీరో సినిమా చూస్తరా? చూడరు. మనకైతే చాలంటరు. అది రేపు తీసేస్తే అడిగే దిక్కు కూడా ఉండదు.

తీసినోళ్ల కష్టం గుంజుకోమని నేను అంటలేను. ప్రభుత్వం వాళ్లకు డబ్బు కట్టి ప్రదర్శన హక్కు కొనాలె. జోడేఘాట్‌లో మ్యూజియం కట్టిండ్రు, బంజారాహిల్స్‌లో కుమ్రం భీమ్ ఆదివాసీ భవన్ కట్టిండ్రు. ఆ గోడల మధ్య భీమ్ సినిమా ఆడించడానికి ఏమడ్డం? ఆశ్రమ పాఠశాలల్లో కూడా చూపించాలె, గోండీ మాటలతో. మన ముసలవ్వలు తెలుగు డైలాగుల వెంట పరుగెత్తలేరు. ఇంకో మాట. డిజిటల్ చేసిన తరవాత ఆ కాపీ ఒక ఆఫీసు బీరువాలోకి పోతే, రీలు డబ్బా పోయి హార్డ్ డిస్కు డబ్బా వచ్చినట్టే.

భీమ్ తిరుగుబాటు తరవాత నిజాం సర్కారు పంపితే మన ఊళ్లకు వచ్చిన హైమన్‌డార్ఫ్ తీసిన ఫొటోలు ఇయ్యాల లండన్ యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో ఉన్నయి. మార్లవాయిలో కూసొని ఫోన్‌లో చూడొచ్చు. సర్కారు పంపిన మనిషి మన వైపు చూసిన చూపు అందుబాటులో ఉన్నది, భీమ్ వైపు నిలబడి తీసిన సినిమా కోసం వెతుక్కోవాలె.

కేస్లాపూర్ నాగోబా జాతరలో ఏటా దర్బార్ జరుగుతది. అది మొదలైంది కూడా భీమ్ తిరుగుబాటు తరవాత, మన గోడు అధికారులు వినాలనే. పోడు పట్టాలు, రోడ్లు, నీళ్ల అర్జీలతో పాటు ఈసారి ఈ అర్జీ కూడా పెడదాం. తెలుగులో నేను రాస్త. గోండీలో రాయడానికి చేయి కలిపేటోళ్లు పుష్య అమావాస్యకు ముందే చెప్పండి.