ఏకగ్రీవానికి పది లక్షలు, ఓటు గుట్టుకు ఎంత?

2021 ఫిబ్రవరిలో పంచాయతీ ఎన్నికలప్పుడు నెల్లూరు తీరాన ఒక పట్టపుపాలేనికి వెళ్లాను. మైపాడుకీ జువ్వలదిన్నెకీ మధ్య సముద్రం ఒడ్డునున్న పాలేల్లో అదొకటి. పేరు రాయను. రాస్తే ఇబ్బంది పడేది అక్కడి ఆడవాళ్లే. ఆ ఊళ్లో ఒక వార్డు స్త్రీలకు రిజర్వయింది. పొదుపు సంఘంలో చాలా ఏళ్లుగా లెక్కలు చూస్తున్న ఒకామె, తట్ట నెత్తిన పెట్టుకుని చుట్టుపక్కల ఊళ్లలో చేపలమ్ముకునే మనిషి, ఆ వార్డుకు నామినేషన్ వేసింది. అప్పటికే పెద్దమనుషులు కూర్చుని సర్పంచ్ ఎవరో, ఏ వార్డుకి ఎవరి భార్య నిలబడాలో తేల్చేశారు. ఈమె పేరు ఆ లెక్కలో లేదు.

"ఏం మే, నీ ఒక్కదాని కోసరం ఊరికొచ్చే పది లక్షలు పోగొడతావా?" అని అడిగారట. ఊరి బాగుకి ఆమె ఒక్కతే అడ్డం పడ్డట్టు మాట్లాడారట. అయినా ఆమె నామినేషన్ వెనక్కి తీసుకోలేదు. పోలింగు జరిగింది. ఆమె ఓడిపోయింది. నలభై ఒక్క ఓట్లు వచ్చాయి.

వారం తర్వాత కలిసినప్పుడు ఆమె ఓడినందుకు బాధపడటం లేదు. "నలబై ఒక్క ఓట్లు నాకు శానా ఎక్కవ అక్కా. కానీ ఆ నలబై ఒక్క మంది ఎవురా అని ఊరంతా యెతకతా ఉండారు. మా వీధోళ్లు నాతో మాట్లాడేదానికి భయపడతా ఉండారు" అంది. ఆమె భర్తను ఆ వారమంతా ఎవరూ పడవలోకి పిలవలేదు.

ఎలా వెతుకుతారు, ఓటు రహస్యం కదా అని అడిగాను. నన్ను బడి దగ్గరికి తీసుకెళ్లి చూపించింది. పోలింగు గదిలో ఓటు వేసే చోట ఒక అట్టపెట్టెను మూడు వైపులా ఉండేలా కోసి బల్ల మీద నిలబెట్టారు. ఆ బల్ల కిటికీ కింద ఉంది. కిటికీ అవతల అరుగు. బ్యాలెట్ కాగితం మీద రెండే గుర్తులు, ఒకటి పైన, ఒకటి కింద. అరుగు మీద కూర్చున్నవాళ్లకి కాగితం కనపడదు, ముద్ర వేసే చెయ్యి కనపడుతుంది. మోచెయ్యి లేచిందా, దిగిందా అన్నది చాలు. "మేం నోరు మూసుకునే ఉన్నాం అక్కా. ఎవురికేసిందీ చెయ్యే చెప్పేసింది" అంది.

ఆ కిటికీ కింది అట్టపెట్టె గురించే ఈ నాలుగు మాటలు.

ఆ పది లక్షల లెక్క ఏమిటో ముందు చూద్దాం. 2021 ఎన్నికలకు రాష్ట్ర ప్రభుత్వం ఏకగ్రీవ పంచాయతీలకు ప్రోత్సాహకం ప్రకటించింది. 2,000 లోపు జనాభా ఉంటే 5 లక్షలు, 5,000 లోపు అయితే 10 లక్షలు, 10,000 లోపు అయితే 15 లక్షలు, అంతకు మించితే 20 లక్షలు. ఇది ఆ ఒక్క ప్రభుత్వం కనిపెట్టిందీ కాదు, మన రాష్ట్రానికే పరిమితమైందీ కాదు. ఇక్కడ అంతకుముందు ఎన్నికల్లోనూ ప్రోత్సాహకాలున్నాయి. గుజరాత్‌లో 2001 నుంచి సమరస్ పేరుతో ఇదే పద్ధతి నడిచింది. ఊళ్లో కక్షలు తగ్గుతాయని, ఖర్చు మిగులుతుందని చెబుతారు. ఎన్నికల కక్షల్లో మొగుళ్లనీ కొడుకుల్నీ పోగొట్టుకున్న ఆడవాళ్లు మన రాష్ట్రంలో ఉన్నారు కాబట్టి ఆ మాటను నేను తేలిగ్గా కొట్టిపారెయ్యను. కానీ ఏకగ్రీవం ఎవరు కుదురుస్తారు? రచ్చబండ మీద, గుడి మండపంలో కూర్చున్న మగవాళ్లు. పట్టపుపాలేల్లో కాపులనే కులపెద్దలుంటారు. వేట వంతులు, వలల తగాదాలు, పక్క ఊరితో గొడవలు వాళ్లే తీరుస్తారు. ఆ కట్టుబాటు వల్ల ఊరికి మేలూ జరిగింది. కానీ ఆ చాపల మీద ఆడదానికి చోటు లేదు. 1993లో అమలులోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ మనకు మూడోవంతు స్థానాలిచ్చింది. మన రాష్ట్రంలో 2011లో వాటిని సగం చేశారు. అట్లా చట్టం తెరిచిన తలుపును ఏకగ్రీవం లోపలినుంచి గడియ పెడుతోంది. మహిళా స్థానం అలాగే ఉంటుంది, అందులో కూర్చునే మహిళను మాత్రం మగవాళ్లు ఎంపిక చేస్తారు.

కొన్నిచోట్ల ఇది ఇంకో మెట్టు దిగింది. సర్పంచ్ పదవిని వేలంపాట పెట్టి ఎక్కువ పాడినవాడికి ఏకగ్రీవంగా ఇచ్చెయ్యడం మనం పత్రికల్లో చదువుతూనే ఉన్నాం. వేలంపాట అన్న మాట వింటే నెల్లూరు జిల్లా ఆడవాళ్లకి ఒకటి గుర్తు రావాలి. 1992లో దూబగుంట నుంచి లేచిన సారా వ్యతిరేక ఉద్యమం నెల్లూరులో సారా పాటలు జరగకుండా అడ్డుపడింది. పాటలు మళ్లీ మళ్లీ వాయిదా పడ్డాయి. 1993 ఏప్రిల్‌లో జిల్లాలో, అక్టోబర్‌లో రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. మన తాళినీ మన కూలినీ పాట పాడుకోనివ్వనివాళ్లం, మన ఓటును పాడుకోనిస్తామా?

ఇప్పుడు అట్టపెట్టె దగ్గరికి వస్తాను. పంచాయతీకి ఎన్నికల సామగ్రి ఎవరివ్వాలి? రాజ్యాంగంలోని 243కె అధికరణం స్థానిక ఎన్నికల బాధ్యతను రాష్ట్ర ఎన్నికల సంఘానికి అప్పగించింది. దానికి డబ్బూ సిబ్బందీ రావలసింది రాష్ట్ర ప్రభుత్వం నుంచే. కిషన్‌సింగ్ తోమర్ కేసులో 2006లో సుప్రీంకోర్టు, కేంద్ర ఎన్నికల సంఘానికి సహకరించినట్టే ఈ సంఘానికీ రాష్ట్ర ప్రభుత్వాలు సహకరించాలని స్పష్టంగా చెప్పింది. మరోవైపు కేంద్ర ఆర్థిక సంఘం పంచాయతీలకు గ్రాంట్లిస్తుంది. పదిహేనో ఆర్థిక సంఘం 2021-26 కాలానికి గ్రామీణ స్థానిక సంస్థలకు 2,36,805 కోట్లు సిఫారసు చేసింది. అందులో 60 శాతం తాగునీటికీ పారిశుధ్యానికీ ముడిపెట్టింది. మంచిదే. ఎన్నికైన పాలకవర్గం లేకపోతే గ్రాంటు ఆగిపోతుందన్న షరతూ ఉంది. 2018 ఆగస్టులో గడువు ముగిసిన మన పంచాయతీలకు 2021 దాకా ఎన్నికలే జరగలేదు కాబట్టి ఆ షరతు విలువ మనకు తెలుసు. ఎన్నిక లేకపోతే డబ్బు లేదని చెప్పినవాళ్లు, ఎన్నిక సక్రమంగా జరగడానికని విడిగా ఒక పద్దు రాయలేదు.

ఇతర దేశాల్లో అలా రాసినవాళ్లున్నారు. అమెరికాలో 2000 సంవత్సరం అధ్యక్ష ఎన్నికల్లో ఫ్లోరిడాలో చిల్లుల కాగితాల లెక్క అభాసుపాలయ్యాక, 2002లో ఒక చట్టం చేసి పాత ఓటు యంత్రాలు మార్చుకోవడానికి కేంద్రం నుంచి రాష్ట్రాలకు వందల కోట్ల డాలర్లు ఇచ్చారు. నాకు నచ్చింది అందులోని షరతు. చూపులేనివాళ్లు కూడా ఎవరి సాయమూ లేకుండా, రహస్యంగా ఓటు వేసుకునే యంత్రం ప్రతి పోలింగు కేంద్రంలో ఒకటైనా ఉండాలన్నారు. అంటే బలహీనమైన ఓటరును మనసులో పెట్టుకుని సామగ్రి కొనమన్నారు.

మన దేశానికీ ఆ ఆలోచన కొత్త కాదు. 1951-52 మొదటి ఎన్నికల్లో చదువు రానివాళ్ల కోసం ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె పెట్టి, దాని మీద గుర్తు అంటించారు. అదే ఎన్నికల్లో, ఫలానావాడి భార్య, ఫలానావాడి తల్లి అనడం తప్ప తమ పేరు చెప్పని దాదాపు 28 లక్షల మంది స్త్రీలను జాబితాలోంచి తీసెయ్యవలసి వచ్చింది. పెట్టె సరిగ్గా ఉంటే చాలదు, ఆడది తన పేరుతో తాను అక్కడికి రావాలి. మనిషి వస్తే చాలదు, పెట్టె సరిగ్గా ఉండాలి. రెండూ కావాలి.

యంత్రాలు కొంటే సమస్య తీరుతుందా అని నన్ను అడిగినవాళ్లున్నారు. కేరళలో 2015 పంచాయతీ ఎన్నికలకు ఒకేసారి మూడు అంచెలకూ ఓటు వేసే యంత్రాలు తెచ్చారు. వాటిని చేసింది హైదరాబాదులోని ఇ.సి.ఐ.ఎల్. బీహార్‌లో 2021లో చాలా పదవులకు యంత్రాలు వాడారు. అదే ఏడాది మన పంచాయతీల్లో మాత్రం పెట్టే, కాగితమే. యంత్రంలో చెల్లని ఓటు ఉండదు. ఒకటి రెండు ఓట్ల తేడాతో గెలుపోటములు తేలే వార్డుల్లో, ముద్ర పక్కకు పడి ఓటు పోగొట్టుకునే ముసలమ్మలకు అది పెద్ద మేలు. కానీ యంత్రం ఏ బూత్‌లో ఎవరికెన్ని ఓట్లో విడిగా చెప్పేస్తుంది. కాగితాలనైతే అన్ని వార్డులవీ కలిపి లెక్కపెట్టవచ్చు. యంత్రాల ఓట్లను కలిపి లెక్కించే టోటలైజర్ అనే పరికరాన్ని కేంద్ర ఎన్నికల సంఘం 2008లోనే ప్రతిపాదించింది, లా కమిషన్ 2015లో సమర్థించింది, కేంద్ర ప్రభుత్వం ఒప్పుకోలేదు. పాలెం పక్కనే యానాదుల కాలనీ ఉంటుంది. రొయ్యల చెరువుల మీద కావలి, కూలి వాళ్ల బతుకు. వాళ్ల వీధి ఓట్లు విడిగా తెలిసిపోతే మర్నాడు వాళ్లకు పని ఇచ్చేదెవరు? కాబట్టి పెట్టెనా, యంత్రమా అన్నది రెండో ప్రశ్న. ఓటు గుట్టుగా ఉంటుందా అన్నది మొదటి ప్రశ్న.

తాగే నీళ్లు లేని ఊళ్లకి ఈ ఖర్చెందుకు అని అంటారు. ఆ నీళ్ల కొళాయి ఏ వీధిలో వెయ్యాలో తేల్చేది ఆ ఓటే కదా! పంచాయతీకే డబ్బిచ్చి కొనుక్కోమంటే పోదా అని కూడా అంటారు. వద్దు. పోటీ చేసే సర్పంచే ఓటు పెట్టెకు యజమాని కాకూడదు. డబ్బు ఎన్నికల సంఘం చేతికి వెళ్లాలి, తనిఖీ ఊరి ఆడవాళ్ల చేతిలో ఉండాలి.

నేనడిగేవి పెద్ద కోరికలు కావు. ఏకగ్రీవ ప్రోత్సాహకం రద్దు చెయ్యాలి. ఆ డబ్బును ఎన్నికల ఖర్చులో ప్రత్యేక పద్దుగా పెట్టాలి. పంచాయతీకి తక్కువలో తక్కువ అయిదు, ఎక్కువలో ఎక్కువ ఇరవై ఒక్క వార్డులు. ఒక్కో వార్డుకి నడుం పైదాకా వచ్చే గట్టి చెక్క మరుగు, కిటికీకి పరదా, నడవలేనివాళ్లకి వాలుబాట, లెక్కింపుకి కరెంటు పోయినా ఆరిపోని దీపం కావాలి. సర్పంచ్ ఓట్లను వార్డులన్నిటివీ కలిపిన తర్వాతే లెక్కపెట్టాలి. పోలింగుకి ముందురోజు పొదుపు సంఘాల స్త్రీలు గది చూసి సంతకం పెడితేనే ఆ గదిలో పోలింగు జరగాలి.

ఇవి వచ్చేదాకా మనం ఊరకే కూర్చోనక్కర్లేదు. వచ్చే ఎన్నికలకు ముందురోజు మీ ఊరి బడికి ఇద్దరు వెళ్లండి. ఎన్నికల అధికారిని అడిగి ఒకరు ఆ మరుగు వెనక నిలబడి ఉత్త కాగితం మీద ముద్ర వెయ్యండి. రెండోవాళ్లు కిటికీ బయట అరుగు మీద కూర్చుని చూడండి. చెయ్యి కనపడితే ఆ బల్ల జరిపించేదాకా అక్కడినుంచి కదలకండి.